‘వాడరాదు’ అనాలా, ‘నిషేధం’ అనాలా?

ప్రశ్న: బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీ ఫీల్డు సిబ్బందికి తెలుగు నోటీసు కావాలి. కొందరిది అనంతపురం, కొందరిది పాలమూరు. వాట్సాప్ వంటి కన్స్యూమర్ యాప్‌లు వద్దని చెప్పాలి. ముసాయిదా ఇదీ: ‘కార్యాలయ పరికరాలలో వినియోగదారుల యాప్‌లు నిషేధించబడినవి.’ సరిపోతుందా?

జవాబు: ‘వినియోగదారుల యాప్’ అంటే కస్టమర్ల కోసం కంపెనీ చేసిన యాప్ అనుకుంటారు. పేర్లే రాసేయండి: వాట్సాప్, టెలిగ్రామ్, చాట్‌జీపీటీ. తెలుగు టైపింగ్‌కని వేసుకునే కీబోర్డు యాప్‌లనూ చేర్చండి. ఆండ్రాయిడ్‌లోనైతే పాస్‌వర్డుతో సహా కొట్టే ప్రతి అక్షరమూ వాటి గుండానే పోతుంది, ఎవరికీ అనుమానం రాదు.

మరో జవాబు: నిషేధం వేరు, నిరోధం వేరు. 2020 జూన్ 29న కేంద్రం ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద టిక్‌టాక్ సహా 59 యాప్‌లను ఆపించింది. నెట్‌వర్కు దగ్గరే అడ్డు పడింది, అది నిరోధం. 2025 జనవరిలో ఆర్థిక శాఖ ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటి ఏఐ యాప్‌లు వద్దని ఉద్యోగులకు సర్క్యులర్ ఇచ్చింది, అది నిషేధం. మీ నోటీసులో ఈ రెండూ కలిసిపోయాయి. ఐటీవాళ్లు ప్లేస్టోర్‌లో వాట్సాప్ ఆపినా, క్రోమ్‌లో వాట్సాప్ వెబ్ తెరుచుకుంటుంది. తెరుచుకుంది కనక వాడుకోవచ్చనుకుంటారు. వెబ్ చిరునామాను ఫిల్టర్‌లో పెట్టాలి, ప్లేస్టోర్ బయటి ఏపీకేలు (ఆండ్రాయిడ్ యాప్ ఫైళ్లు) ఎక్కకుండా ఆపాలి. ఐఫోన్ సూపర్‌వైజ్డ్ పద్ధతిలో (అంటే కంపెనీ పూర్తి అదుపులో) లేకపోతే యాప్‌ను ఆపే ఆదేశం అసలు పట్టదు.

ఇంకో జవాబు: ‘వాడరాదు’ జోలికి పోకండి. ‘జర కూసోరాదు’ (కాస్త కూర్చోవచ్చు కదా) అనే పాలమూరు చెవికి అది ‘వాడొచ్చు కదా’ అన్నట్టూ వినిపిస్తుంది. రాతలో పొరబడరు గానీ, సూపర్‌వైజరు చదివి వినిపించే నోటీసు ఇది. పక్కన కన్నడంలో ‘బళసబారదు’ ఉంటుంది. ఆ ‘బారదు’, మన ‘రాదు’ ఒకే తీరు, రెండూ ‘వచ్చు’కు వ్యతిరేకాలే. ఆ జత ఎంత ముచ్చటగా ఉన్నా ‘వాడొద్దు’ అనడమే మేలు.

ప్రశ్న వేసినవారు: ఇలా మార్చాను:

‘ఆఫీసు ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో వాట్సాప్, టెలిగ్రామ్, చాట్‌జీపీటీ, బయటి కీబోర్డులు వాడొద్దు. బ్రౌజర్‌లో తెరుచుకున్నా వాడొద్దు. ఇదివరకే ఉంటే, లాగౌట్ అయ్యే వీలున్నచోట ముందు లాగౌట్ అయి, తర్వాత యాప్ తీసేయండి.’

రెండో జవాబు: బాగుంది. ఒక్క వాక్యం కలపండి: ‘యాప్ తీసేసినంత మాత్రాన అందులో పెట్టిన ఆఫీసు ఫైళ్లు పోవు, ఏం పెట్టారో ఐటీ విభాగానికి చెప్పండి.’ టెలిగ్రామ్‌లో, చాట్‌జీపీటీలో పెట్టినవి వాళ్ల సర్వర్లలోనే ఉండిపోతాయి.