కంప్యూటర్ గ్రాఫిక్స్ పేపర్లో మ్యాట్రిక్స్‌లు చేత్తో చేయించడం ఇంకా అవసరమా?

కర్నూలు_బురుజు: మా తమ్ముడు ఇక్కడే డిగ్రీ చదువుతున్నాడు. ఇంటర్నల్‌లో లెక్క ఇది: (2, 0) బిందువును 90 డిగ్రీలు తిప్పి, ఆ తర్వాత x వైపు 3 జరపాలి. వాడికి (3, 2) సరిగ్గానే వచ్చింది. అయినా సగం మార్కులు కోశారు. బిందువును అడ్డ వరుసగా రాశాడట, క్లాసులో చెప్పింది నిలువు వరుసట. మౌస్‌తో లాగితే బొమ్మ తిరిగే రోజుల్లో ఈ 3×3 అంకెల పట్టికల (మ్యాట్రిక్స్‌ల) గుణకారాలు ఎందుకండీ?

అనంత_గ్రాఫిక్స్: లెక్చరర్‌గా చెబుతున్నా, అవసరమే. అదే బిందువును ముందు జరిపి తర్వాత తిప్పండి. (5, 0) అయి, అక్కడి నుంచి (0, 5)కి పోతుంది. జవాబే మారిపోయింది కదా! సూత్రం తిప్పేది మూలబిందువు (0, 0) చుట్టూ. బొమ్మ ఉన్నచోటే తిరగాలంటే దాని మధ్యను మూలబిందువుకు తెచ్చి, తిప్పి, మళ్లీ వెనక్కి పంపాలి. 2×2తో జరపడం కుదరదు, మూలబిందువు కదలదు. అందుకే మూడో అంకెగా 1 చేర్చి 3×3 చేస్తాం. చేత్తో చేయకపోతే ఇది బుర్రకెక్కదు.

కడప_ఫ్లెక్స్: సార్, ఏడు రోడ్ల కాడ కట్టే ఫ్లెక్సుల్లో మావీ ఉంటాయి. నిలువు ఫోటో ఇచ్చి, 10 అడుగుల అడ్డం నింపమంటారు. అట్నే లాగితే అన్న మొహం గుమ్మడికాయే. డిజైన్ చేసే కోరల్‌డ్రాలో పక్క హ్యాండిల్ వదిలి మూలది పట్టుకోవాలని నాకు ఏ మ్యాట్రిక్సూ చెప్పలేదు.

అనంత_గ్రాఫిక్స్: x, y స్కేలింగ్ అంకెలు వేరైతే మొహం సాగుతుంది, మూల పట్టుకుంటే రెండూ సమానం. ఆ హ్యాండిల్ వెనక ప్రోగ్రాం ఎవరో రాశారు. మా పిల్లలు అది రాసేవాళ్లు కావాలి.

కడప_ఫ్లెక్స్: అంటే మేం లాగేవాళ్లం, మీవాళ్లు రాసేవాళ్లా? మీ డిగ్రీలు చేసినోళ్లే మా షాపుకొచ్చి పని అడుగుతున్నారు సార్.

పెన్నా_గట్టు: తమ్ముడు ఏ దిశలో తిప్పాడు? స్క్రీన్ మీద y కిందికి పెరుగుతుంది. అదే సూత్రం వేస్తే బొమ్మ గడియారం ముల్లులా తిరుగుతుంది.

కర్నూలు_బురుజు: గొడవ దిశది కాదు బాబూ.

పెన్నా_గట్టు: దిశ చెప్పకుండా 90 అంటే ఎలా? ప్రోగ్రాంలు రాసే టర్బో సి గ్రాఫిక్స్‌లో మూలబిందువు పైన ఎడమ మూల.

కర్నూలు_బురుజు: లెక్చరర్ గారూ, సూటిగా చెప్పండి. అడ్డ వరుస తప్పా? గ్రాఫిక్స్ ప్రోగ్రాంలకు వాడేవాటిలో ఓపెన్‌జీఎల్ వాళ్లు నిలువు రాస్తారు, డైరెక్ట్3డి వాళ్లు అడ్డం రాస్తారు. మ్యాట్రిక్స్‌లను ట్రాన్స్‌పోజ్ చేసి (అడ్డ వరుసలను నిలువుగా మార్చి), గుణించే వరుస తిరగేస్తే రెండూ ఒకటే. మావాడు చేసింది అదే.

అనంత_గ్రాఫిక్స్: తప్పు కాదు. కానీ నేనైనా కోస్తాను. సెమిస్టర్ పేపర్ దిద్దేవాళ్ల చేతిలో కీ (జవాబుల నమూనా) నిలువులో ఉంటుంది. వీడు తెలిసి రాశాడా, కలగాపులగం చేశాడా అని ఆగి చూసే తీరిక ఎవరికుంది? అక్కడ సున్నా పడేకంటే ఇక్కడ సగం పోవడం మేలు.

కర్నూలు_బురుజు: బుర్రకెక్కాలి అన్నది మీరే. ఎక్కించుకున్నవాడికి కోత పెడతానంటున్నదీ మీరే! వాడు వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్నాడండీ. ఇప్పుడు కీ బట్టీ కొడుతున్నాడు.

కడప_ఫ్లెక్స్: నేను చదువు మధ్యలో మానేసింది కూడా ఇట్లాంటి కీ దెబ్బకే.

అనంత_గ్రాఫిక్స్: బండిల్ మీద బండిల్ వచ్చి పడుతుంటే మీరూ వచ్చి దిద్దండి, తెలుస్తుంది. కీ మార్చే అధికారం నాకు లేదు.

తుంగభద్ర_నీళ్లు: ముందు ఆ పేపర్ ఫోటో పెట్టండి. స్టెప్పులు చూడకుండా ఎంతసేపు కొట్టుకుంటారు?

కర్నూలు_బురుజు: పేపర్ ఇంటికి ఇవ్వరండీ. చూపించి లాక్కుంటారు.