షుగర్ దిగేదాకా గర్భాశయ బయాప్సీ ఆపొచ్చా?

అమ్మకు 58 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగర్, బరువు 84 కిలోలు. ముట్లుడిగిన ఆరేళ్లకు, గత 3 వారాలుగా మళ్లీ ఎర్రమరక కనిపిస్తోంది. రోజూ కాదు, రెండు మూడు రోజులకోసారి, రూపాయి బిళ్లంత. స్కాన్‌లో గర్భాశయం లోపలి పొర 11 మి.మీ. ముట్లుడిగాక రక్తం కనిపించి పొర 4 దాటితే ముక్క తీసి చూడాల్సిందే. పైగా ఒంట్లో ఎక్కువైన ఇన్సులిన్, కొవ్వులో తయారయ్యే ఈస్ట్రోజెన్ రెండూ ఆ పొరను పెంచేవే, అందుకే భయం.

ఓపీలో పైపెల్ అనే సన్నని గొట్టంతో ముక్క తీస్తే "శాంపిల్ చాలదు" అని రిపోర్టు వచ్చింది. అంటే క్యాన్సర్ లేదని కాదు కదా! హిస్టెరోస్కోపీకి (గర్భాశయంలోకి కెమెరా పెట్టి చూసే పరీక్షకు) వెళ్తే, హెచ్‌బీఏ1సీ (రక్తంలో షుగర్ సగటు) 9.4 ఉందని మత్తు డాక్టరు వాయిదా వేశారు. రాత్రిపూట 14 యూనిట్ల ఇన్సులిన్‌తో పరగడుపు షుగర్ 240 నుంచి 160కి దిగింది. హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటు, అంత త్వరగా మారదు.

రోజువారీ రీడింగులు చూసి ఇప్పుడే హిస్టెరోస్కోపీ చేయమని అడగొచ్చా?