చర్చ: సముద్రం వేడెక్కినందుకేనా నెత్తళ్ళు తగ్గింది?

తిరువాన్మియూరు వాసి: 2019 ఆగస్టు 18 రాత్రి చెన్నైలో మా బీచ్‌లో అలలు నీలంగా మెరిశాయి. నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవి వల్ల అన్నారు. అప్పటినుంచీ ఒకటే సందేహం. నీళ్ళు వేడెక్కితే సముద్రంలోని ప్లవకాలు, అంటే నీళ్ళలో తేలే సూక్ష్మజీవులు, మారిపోతాయా? నెత్తళ్ళు, కవళ్ళు లాంటి చిన్న చేపలు తగ్గింది అందుకేనా?

నీటిపొర: మారతాయి. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీళ్ళు తేలిక. బంగాళాఖాతం ఉప్పునీటి మీద మూతలా కూర్చుంటాయి. పైన వేడి పెరిగేకొద్దీ ఆ మూత ఇంకా బిగుస్తుంది, అడుగునున్న నైట్రేట్ అనే పోషకం పైకి రాదు. అది అందకపోతే డయాటమ్‌లు అనే పెద్ద ప్లవకాలు తగ్గి, ప్రోక్లోరోకాకస్ లాంటి అతి చిన్నవి మిగులుతాయి. వాటిని కవళ్ళు వడకట్టుకోలేవు. మధ్యలో ఇంకేవో తినాలి, వాటిని చేప తినాలి. ప్రతి మెట్టు దగ్గరా ఆహారంలో చాలా భాగం పోతుంది.

కాశిమేడు బోటు: పెద్ద బోట్లకు ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు నిషేధం. తెరిచిన వారానికే సన్నకన్ను వలల్లో వేలెడు పిల్లలు కూడా తట్టలకెక్కుతాయి. ముందు అది చెప్పండి సార్.

నీటిపొర: హిందూ మహాసముద్రం పడమటి భాగంలో 60 ఏళ్ళలో ప్లవకాలు 20 శాతం దాకా తగ్గాయని 2016లో తేల్చారు.

కాశిమేడు బోటు: పడమర అంటే అరేబియా వైపు. మాది తూర్పు.

అడయారు: తుఫాను వెళ్ళాక సముద్రం పచ్చబడుతుంది కదా?

నీటిపొర: అవును, గాలి ఆ మూతను కలిపేస్తుంది, నైట్రేట్ పైకొచ్చి ప్లవకాలు పెరుగుతాయి. కొన్నాళ్ళే.

కాశిమేడు బోటు: గదిలో కూర్చుని మూతలంటారు!

నీటిపొర: గదిలో కాదండీ. ఓడ మీద బకెట్లకొద్దీ నీళ్ళు వడపోశాను. తీరం దగ్గర ఒక్క లీటరుకే వడపోత కాగితం ప్లవకాలతో పచ్చబడేది. నడిసముద్రంలో నాలుగు లీటర్లు పోసినా తెల్లగానే ఉండేది. అది చూసి భయపడ్డవాణ్ణి నేను.

కాశిమేడు బోటు: నా భయం వేరు. వలల మీద ఫిర్యాదు ఇస్తే ఒక అధికారి "వాతావరణం మారిందయ్యా, మేమేం చేస్తాం" అని కాగితం తిరిగిచ్చేశారు. మీ మాటే మా నోరు మూయించింది.

నీటిపొర: అది తప్పు. మేత తగ్గిన సముద్రంలో పిల్లల్ని ఇంకా గట్టిగా కాపాడాలి. వేడి పెరిగిందంటే వలల మీద కట్టడి పెరగాలి.

కాశిమేడు బోటు: ఆ ముక్క రాసివ్వండి, మళ్ళీ వెళ్తాను. ఆ 20 శాతం మాత్రం రాయకండి. అది మా నీళ్ళ లెక్క కాదు.