అప్‌డేట్: డ్రైనేజీ ఫైల్ ఆర్టీఐకి ఎట్టకేలకు కదలిక

మా వీధి డ్రైనేజీ పని ఎస్టిమేట్, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీలు కావాలని మున్సిపల్ ఆఫీసులో ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు) పెడితే గడువు దాటినా ఉలుకూ పలుకూ లేదు, ఏం చేయాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే పై అధికారికి మొదటి అప్పీలు వేశాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే సెక్షన్ 7(2) ప్రకారం నిరాకరించినట్టే లెక్క అని అందులో రాశాను.

వెంటనే ఆఫీసు నుంచి ఫోన్! "ఇవన్నీ మీకెందుకండీ?" అన్నారు. కారణం చెప్పక్కర్లేదని 6(2)లోనే ఉంది సార్ అన్నాక గొంతు మారింది. కాపీలకు డబ్బు కట్టమన్నారు. గడువు దాటితే ఉచితంగానే ఇవ్వాలని 7(6) చూపిస్తూ రాసిచ్చాను, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అన్నిటికన్నా పనికొచ్చింది ఫైల్ స్వయంగా చూడటం. సెక్షన్ 2(జె) కింద రికార్డులే కాదు, జరిగిన పనిని కూడా తనిఖీ చేయొచ్చు, నోట్స్ రాసుకోవచ్చు. ముందు ఫైల్ తిరగేస్తేనే ఏ పేజీలు అడగాలో తెలుస్తుంది. ఎం-బుక్‌లో కాలువ వీధి చివరిదాకా ఉంది. బయట చూస్తే మలుపు దగ్గరే ఆగిపోయింది. క్లర్క్‌ని తిట్టబుద్ధి కాలేదు, పాపం ఒక్కడే మూడు సీట్ల పని చూస్తున్నాడు.

బిల్లు ఆమోదించిన నోట్‌ఫైల్ (అధికారులు తమ అభిప్రాయాలు, నిర్ణయాలు రాసే ఫైల్) మాత్రం ఇంకా ఇవ్వలేదు. అప్పీలులోనూ తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు వేస్తా. అక్కడ జరిమానా పడితే రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000. కట్టాల్సింది ఆఫీసు కాదు, సమాచారం ఇవ్వాల్సిన అధికారే.