మా ఊరి బడి ఏ సంవత్సరంలో పెట్టినారో ఎట్ల తెలుసుకోవాల? (ఆలూరు దగ్గర)

ప్రశ్న: ఆలూరు పిల్లోడు

మాది కర్నూలు జిల్లా ఆలూరు దగ్గర పల్లె. మేము చదివిన మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలకు పాత విద్యార్థులమంతా కలిసి వేడుక చేయాలనుకుంటున్నాం. బడి గోడలోని రాయి మీద 1957 అని చెక్కి ఉంది. కానీ మా తాత ట్రంకు పెట్టెలో ఆయన రికార్డు షీటు (బడి మానేటప్పుడు ఇచ్చే కాగితం) దొరికింది. తేదీ 1938. పైన ‘బళ్ళారి డిస్ట్రిక్ట్ బోర్డు ఎలిమెంటరీ స్కూలు’ అని అచ్చు, దాని కింద మా ఊరి పేరు చేత్తో రాసినారు. అడ్మిషన్ నంబరు 143. మూడో తరగతితో మానేసినాడు. మా ఊరికి బళ్ళారితో పనేముంది? గుడి అరుగు మీద బడి జరిగేదని పెద్దోళ్లు అంటారు. బోర్డు రాయించే ముందు సరైన సంవత్సరం తెలియాల. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

జవాబు: రిటైర్డ్ హెడ్మాస్టరు, పత్తికొండ

బాబూ, ఆ రికార్డు షీటుకు ముందు మంచి ప్లాస్టిక్ కవరు వేయించు. రాయి కంటే అదే గట్టి సాక్ష్యం. రాయి మీద ఉండేది చాలాచోట్ల గది కట్టిన ఏడే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆలూరు, ఆదోని, రాయదుర్గం బళ్ళారి జిల్లా తాలూకాలే. ఆ రోజు బళ్ళారి మైసూరు వైపు పోయింది, ఆలూరు, ఆదోని కర్నూలులో కలిసినాయి, రాయదుర్గం అనంతపురానికి పోయింది. మీ తాత చదివిన కాలంలో బడి జిల్లా బోర్డు కింద ఉండేది. 1959లో పంచాయతీ సమితి బడి అయింది, మండలాలు వచ్చినాక మండల పరిషత్ బడి. పేరు మారినప్పుడల్లా కాగితాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పోయినాయి. దారిలో కొన్ని పోయేవుంటాయి.

ఇప్పుడు ఆ 143 సంగతి. అడ్మిషన్ రిజిస్టరులో నంబరు ఏడాదికోసారి ఒకటి నుంచి మొదలుకాదు, వరసగా పోతుంది. అంటే మీ తాత కంటే ముందు 142 మంది ఆ బడిలో చేరినారు. ఆ రోజుల్లో పల్లెలో ఏటా పది పన్నెండు మంది కొత్తగా చేరితే గొప్ప. లెక్క వేసుకో, 1920ల దాకా పోతుంది. యాజమాన్యం మారినప్పుడు కొన్నిచోట్ల కొత్త పుస్తకం పెట్టి మళ్ళీ ఒకటి నుంచి రాసేవాళ్ళు. అట్ల జరిగుంటే బడి ఇంకా పాతదే. బడిలో ఇప్పుడున్న రిజిస్టర్లలో అన్నిటికంటే పాతది తీసి మొదటి పేజీలో నంబరు ఎంతుందో చూడు. పుట్టిన తేదీలు మాత్రం నమ్మొద్దు, సగం మందికి జూలై 1 ఉంటుంది. మా అయివార్లే వేసేవాళ్ళు.

వీధిబడుల సంగతైతే ఇంకా వెనక్కి పోవచ్చు. 1822లో మద్రాసు గవర్నరు మన్రో బడుల లెక్కలు పంపమని కలెక్టర్లందరికీ రాసినాడు. (ఆయన 1827లో కలరాతో పోయింది మా పత్తికొండలోనే.) బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన జవాబులో జిల్లాకంతా 533 బడులు, 6,641 మంది పిల్లలు. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. అనంతపురం కూడా అప్పుడు ఆ జిల్లాలోదే. పిల్లలు ముందు ఇసుకలో వేలితో దిద్దేవాళ్ళని, తర్వాత బొగ్గుపొడి పట్టించిన గుడ్డ మడతల మీద, అదే మన కడితం మీద, బలపంతో రాసేవాళ్ళని ఆయనే రాసినాడు. అంతమందిలో ఆడపిల్లలు అరవై మందే.

ఇంకొక మాట, ఇది నాకు ముఖ్యం. గుడి అరుగు మీద బడి అన్నావు. ఆ అరుగు ఎక్కనిచ్చింది ఎవరిని? మాలగేరి, మాదిగేరి పిల్లలు యాడ కూర్చున్నారో అడుగు. 1920ల నుంచి మద్రాసు ప్రభుత్వం లేబర్ డిపార్టుమెంటు తరఫున ఆ పిల్లలకు వేరే బడులు నడిపింది. మీ ఊర్లో కూడా అట్లాంటిది ఉండిందేమో. ఉండి ఉంటే అదీ మీ బడి చరిత్రే. అది లేకుండా బోర్డు రాయించొద్దు.

జవాబు: దస్తావేజులు రాసే అక్క, ఆదోని

తమ్ముడూ, స్థలం వైపు నుంచి కూడా చూడు. ఎవరైనా దానంగా ఇచ్చి రిజిస్టరు చేయించి ఉంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఉంటుంది. కానీ కంప్యూటరులో 1983కు ముందుది రాదు, పాత పుస్తకాలు తీయించాల. దానికి సర్వే నంబరో, ఇచ్చినాయన పేరో కావాల. గ్రామకంఠం (ఊరి ఇళ్ళకు వదిలిన ఉమ్మడి స్థలం) అయితే దస్తావేజే ఉండదు, ఆ పని పెట్టుకోవద్దు.

జవాబు: ఆలూరు పిల్లోడు

సార్, అక్కా, చాలా థ్యాంక్స్. బడి మేడం బీరువా తీసి చూపించినారు. ఉన్నవాటిలో పాత రిజిస్టరు 1957దే. అట్ట చెదలు తినేసింది, మొదటి పేజీ బాగుంది. మొదటి నంబరు 388! మీరు చెప్పినట్లు వరసగానే వచ్చింది సార్. ఆ పేజీలో ఒక్క ఆడపిల్ల పేరు కూడా లేదు, మూడో పేజీలో కనిపించింది.

ఎస్సీ కాలనీలో ఒక అవ్వను అడిగినాను. మీరన్నట్లే ఇంకో బడి ఉండిందంట. కొట్టం బడి అంటుంది. ఆదోని నుంచి ఒక అయివారు వచ్చేవాడంట, వానొస్తే సెలవంట. గుడి దగ్గరి బడిలో తమ పిల్లలను కలిపింది రాళ్ళ గది కట్టినాకనే అని చెప్పింది. అంటే ఆ 1957కు వేరే అర్థం ఉంది.

కమిటీలో చర్చ పెద్దదే అయింది. చివరికి బోర్డు మీద రెండు బడులూ రాయాలని ఒప్పుకున్నారు. అవ్వ మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకున్నా. కొట్టం బడి కాగితాలు సాంఘిక సంక్షేమ శాఖలో ఏమైనా మిగిలినాయేమో సోమవారం కర్నూలు పోయి అడుగుతా.

జవాబు: రిటైర్డ్ హెడ్మాస్టరు, పత్తికొండ

పోయేటప్పుడు హెడ్మాస్టరు లెటరు, సంతకం, సీలుతో తీసుకుపో. ఉత్తచేతులతో పోతే రేపు రమ్మంటారు. ఆ మొదటి పేజీ ఫొటో నాకు పంపు, రాత చదవడంలో ఏమైనా ఇబ్బంది ఉంటే నేను చదివి పెడతా.