ఆర్తుర్ జోర్జ్: వియన్నాలో గెలిచిన ఫుట్‌బాల్ శిక్షకుడు ఆ తర్వాత ఎక్కడా ఎందుకు నిలదొక్కుకోలేదు?

ప్రశ్న — పాతలీగుల_పాఠకుడు

ఆర్తుర్ జోర్జ్ పేరుతో ఇప్పుడు వెతికితే 2024లో బ్రెజిల్ జట్టు బొటాఫోగోకు దక్షిణ అమెరికా క్లబ్ పోటీ కోపా లిబర్తదోరెస్ సాధించిపెట్టిన శిక్షకుడి వివరాలే ముందుగా వస్తున్నాయి. నేను అడుగుతున్నది ఆయన గురించి కాదు. 1946లో పోర్తో నగరంలో పుట్టి, 2024 ఫిబ్రవరిలో కన్నుమూసిన పాత ఆర్తుర్ జోర్జ్ గురించి. పోర్చుగీసు శిక్షకులు అనగానే అందరూ మొరిన్యోతో మొదలుపెడతారు గాని, యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) గెలిచిన తొలి పోర్చుగీసు శిక్షకుడు ఈయనే. ఆటగాడిగానూ పేరున్నవాడే. అయితే 1994 తర్వాత ఆయన ఏ జట్టు దగ్గరా ఎక్కువ కాలం ఉన్నట్టు కనిపించదు. దీనికి అనారోగ్యం కారణమా, దురదృష్టమా, లేక ఆయన స్వభావమే అడ్డొచ్చిందా? ఆయన గురించి వచ్చే ప్రతి వ్యాసంలోనూ ‘కవి’ అని రాస్తారు, ఆ మాటకు ఆటతో నిజంగా ఏమైనా సంబంధం ఉందా?

సమాధానం — ఎడమవైపు_వింగర్

మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. ఆయన ఒక కవితా సంపుటి ప్రచురించిన మాట వాస్తవమే. అయితే ఆయన శిక్షణ పద్ధతిని అర్థం చేసుకోవడానికి కవిత్వం కన్నా చదువు ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. పోర్తోలో ఆట మొదలుపెట్టి, కోయింబ్రా విశ్వవిద్యాలయ విద్యార్థుల జట్టుగా పేరున్న అకడెమికాకు వెళ్లి, అక్కడ గోల్స్ చేస్తూనే జర్మన్ భాషా సాహిత్యాలు చదివిన స్ట్రైకర్ ఆయన. 1969లో బెన్ఫికాకు మారారు. అదే ఏడాది జూన్‌లో ఆ రెండు జట్ల మధ్యే జరిగిన పోర్చుగీసు కప్ ఫైనల్‌ను కోయింబ్రా విద్యార్థులు అప్పటి పోర్చుగల్ నియంతృత్వానికి వ్యతిరేకంగా బ్యానర్లతో నిరసన సభగా మార్చేశారు. ఆ ఆటను టీవీలో చూపనే లేదు. అలాంటి వాతావరణం నుంచి వచ్చిన మనిషి 1972లో, అంటే నియంతృత్వం కూలడానికి రెండేళ్ల ముందే, వృత్తి ఆటగాళ్ల సంఘాన్ని స్థాపించినవారిలో ఒకడు కావడం ఆశ్చర్యం కలిగించదు.

పోర్చుగల్ దిగ్గజం యూసేబియో ఇంకా ఆడుతున్న బెన్ఫికాలో ఉంటూ 1970-71లోనూ 1971-72లోనూ వరుసగా లీగ్ మొత్తానికి అత్యధిక గోల్స్ చేసింది ఈయనే. ఈ ఒక్క విషయం చాలు, ఆటగాడిగా ఆయన స్థాయి తెలియడానికి. ఆడటం మానేశాక తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌కు వెళ్లి శిక్షణ శాస్త్రం చదివారు. జర్మన్ వచ్చినవాడు గనుక ఆ దారి ఆయనకు సులువైంది. తర్వాత శిక్షకుడు జోసె మరియా పెద్రోతొ దగ్గర సహాయకుడిగా పనిచేశారు.

సమాధానం — పోర్తో_87

1984లో, అప్పటిదాకా పోర్తోను నడిపిన పెద్రోతొ తీవ్రంగా జబ్బుపడిన స్థితిలో, ఆ జట్టు పగ్గాలు ఆర్తుర్ జోర్జ్‌కు వచ్చాయి. 1985, 1986లలో వరుసగా లీగ్ గెలిచారు. 1987 యూరోపియన్ కప్ సెమీఫైనల్‌లో లొబనోవ్‌స్కీ శిక్షణలోని దినామో కీవ్‌ను రెండు ఆటల్లోనూ 2-1తో ఓడించారు. నా దృష్టిలో ఫైనల్ కన్నా ఇదే కష్టమైన విజయం.

ఆయన తెలివి ఎక్కడుందో తెలియాలంటే మాత్రం మే 27న వియన్నాలో జరిగిన ఫైనల్ రెండో సగం చూడాలి. ప్రధాన గోల్ వీరుడు ఫెర్నాందో గోమెస్ గాయంతో దూరమయ్యాడు. ఉడో లాటెక్ నడిపిస్తున్న బయర్న్ మ్యూనిక్ 25వ నిమిషంలో కోగ్ల్ తలతో చేసిన గోల్‌తో ముందుకెళ్లింది. విరామంలో ఆర్తుర్ జోర్జ్ మిడ్‌ఫీల్డర్ క్వింను తీసేసి, బ్రెజిల్ స్ట్రైకర్ జువారీని దింపారు. ఫూత్రె, మాజేర్‌లకు తోడు ముందు వరుసలో మూడో మనిషి చేరేసరికి బయర్న్ రక్షకులు ఎవరిని పట్టుకోవాలో తేల్చుకోలేకపోయారు. 77వ నిమిషంలో జువారీ అందించిన బంతిని గోల్‌కు వీపు చూపిస్తూ నిలబడిన మాజేర్ మడమతో లోపలికి తోశాడు. మూడు నిమిషాలు గడవకముందే మాజేర్ ఎడమవైపు నుంచి వేసిన బంతిని జువారీ నేరుగా తన్ని 2-1 చేశాడు. అందరూ మాజేర్ మడమ గురించే మాట్లాడతారు గాని, ఆ రెండు గోల్స్‌లోనూ శిక్షకుడు దింపిన మనిషి ఉన్నాడు.

పాతలీగుల_పాఠకుడు

ఇద్దరికీ ధన్యవాదాలు. జువారీ మార్పు సంగతి నాకు తెలియదు. అంతటి విజయం తర్వాత జారిపోవడం ఎలా మొదలైందో కూడా ఎవరైనా చెప్పగలరా?

సమాధానం — బెంచీ_మీద_నుంచి

జారిపోవడం వెంటనే మొదలవలేదండీ. పారిస్‌లో రేసింగ్ జట్టు దగ్గర ఫలితం దక్కకపోయినా, పోర్తోకు తిరిగివచ్చి 1990లో మళ్లీ లీగ్ గెలిచారు. తర్వాత పారిస్ సాన్ జెర్మాన్‌కు 1993లో ఫ్రెంచ్ కప్, 1994లో లీగ్ సాధించిపెట్టారు. ఆ జట్టుకు 1986 తర్వాత అదే తొలి లీగ్ టైటిల్, మళ్లీ 2013 దాకా ఇంకొకటి రాలేదు. అయినా ఆట మరీ జాగ్రత్తగా, చప్పగా ఉందని పారిస్‌లో విమర్శలు ఆగలేదు. టైటిల్ గెలిచిన వేసవిలోనే ఆయన స్థానంలోకి లూయిస్ ఫెర్నాండెజ్ వచ్చాడు.

అప్పటికే ఛాంపియన్‌గా ఉన్న బెన్ఫికాకు వెళ్లి, ఆ జట్టులో పేరున్న ఆటగాళ్లను పెద్ద సంఖ్యలో మార్చేశారు. ఆ మధ్యలోనే మెదడులో కణితికి శస్త్రచికిత్స జరిగింది. కాబట్టి అనారోగ్యాన్ని పూర్తిగా పక్కన పెట్టలేం. కానీ 1996లో స్విట్జర్లాండ్ జట్టుతో జరిగింది చూడండి. రాయ్ హాడ్జ్‌సన్ యూరో పోటీలకు చేర్చిన జట్టును అందుకుని, అలెన్ సుటర్, అడ్రియన్ క్నూప్ లాంటి అభిమానుల ఇష్టులను తప్పించారు. అక్కడి పత్రికలు విరుచుకుపడ్డాయి. జట్టు ఒకే ఒక్క పాయింటుతో వెనక్కి వచ్చింది.

నా అంచనా ఏమిటంటే, పేరున్నవాళ్లను మొహమాటం లేకుండా పక్కన పెట్టడం ఆయనకు మొదటి నుంచీ ఉన్న అలవాటే. పోర్తోలో అధ్యక్షుడు పింతొ ద కోస్తా వెనక గోడలా నిలబడ్డాడు గనుక బయటి గొడవ జట్టు దాకా రాలేదు. మిగతా చోట్ల ఆ గోడ లేదు. స్విట్జర్లాండ్ తర్వాత ఆయన పోర్చుగల్ జాతీయ జట్టు శిక్షకుడయ్యారు. 1997 మార్చిలో ఆ జట్టు నుంచి తప్పించినందుకు ఆటగాడు సా పింతొ ఏకంగా శిక్షణ స్థలానికి వచ్చి ఆయనపై చేయిచేసుకున్నాడు, ఏడాది నిషేధం పడింది. ఆటగాడు చేసింది ముమ్మాటికీ తప్పే, అయితే లోపల ఎంత ఉడుకుతోందో దాంతో బయటపడింది.

సమాధానం — పోర్తో_87

పోర్చుగల్ విషయంలో రిఫరీని మరిచిపోతున్నారు. 1997 సెప్టెంబరులో బెర్లిన్‌లో జర్మనీతో ప్రపంచ కప్ అర్హత పోటీలో పోర్చుగల్ 1-0తో ముందుండగా, సబ్‌స్టిట్యూషన్‌కు నెమ్మదిగా నడిచి వస్తున్నాడని రుయి కోస్తాకు రిఫరీ మార్క్ బట్టా రెండో పసుపు కార్డు చూపించి పంపేశాడు. పది మందితో ఆడాల్సి వచ్చి 1-1తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ప్రపంచ కప్ దూరమవడానికి అదే కారణం.

సమాధానం — బెంచీ_మీద_నుంచి

ఆ కార్డు అన్యాయమని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ అర్హత గ్రూపు పాయింట్ల పట్టిక చూడండి: జర్మనీ 22, ఉక్రెయిన్ 20, పోర్చుగల్ 19. బెర్లిన్‌లో పోయినవి రెండు పాయింట్లు. అంతకు ముందే యెరెవాన్‌లో ఆర్మేనియాతో 0-0, సా పింతొ గొడవ జరిగిన వారంలోనే బెల్‌ఫాస్ట్‌లో ఉత్తర ఐర్లాండ్‌తో 0-0. ఫీగొ, రుయి కోస్తా లాంటి తరం చేతిలో ఉండి ఆ రెండు ఆటల్లో ఒక్క గోల్ కూడా రాకపోవడానికి బట్టా బాధ్యుడు కాడు. ఆ రెండింటిలో ఏ ఒక్కటి గెలిచినా, బెర్లిన్‌లో ఆ 1-1 ఫలితమే వచ్చినా, ఉక్రెయిన్‌ను దాటి రెండో స్థానంతో ప్లేఆఫ్‌కు వెళ్లేవారు.