ఎండాకాలంలో 350 సీసీ బండి సెగ: ట్రాఫిక్‌లో కుడి పిక్క కాలిపోతోంది, ఏం చేయాలి?

బెజవాడ_350

అందరికీ నమస్తే. బండి 350 సీసీ ఎయిర్ కూల్డ్ సింగిల్ సిలిండర్, 2022 బీఎస్6 మోడల్, సైలెన్సర్ కుడి పక్క. 19 వేల కిలోమీటర్లు తిరిగింది. హైవే మీద 70లో పోతుంటే ఏ ఇబ్బందీ లేదు. మధ్యాహ్నం పూట బెంజ్ సర్కిల్ నుంచి వన్‌టౌన్ దాకా బందరు రోడ్డు ట్రాఫిక్‌లో పడితే మాత్రం కుడి పిక్క, చీలమండ దగ్గర సెగ తట్టుకోలేం. వెనక కూర్చున్న మా ఆవిడకీ అదే బాధ. ఇంజిన్ ఆయిల్ 15డబ్ల్యూ50, మార్చి 3,500 కిలోమీటర్లు అయింది. ఎగ్జాస్ట్ పైపు హెడ్డుకి (ఇంజిన్ పైభాగానికి) కలిసే చోట కాస్త నల్లగా మసి కనిపిస్తోంది. యాక్సిలరేటర్ వదిలితే పట్ పట్ మంటోంది.

షెడ్డులో తలా ఒక మాట చెప్పారు. ఆయిల్ 20డబ్ల్యూ50కి మార్చమని ఒకరు, బెండ్ పైపుకి హీట్ వ్రాప్ (వేడి ఆపే పట్టీ) చుట్టించమని ఒకరు, ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేస్తే సెగే ఉండదని ఇంకొకరు. ఇంటికి రాగానే ఇంజిన్ మీద నీళ్లు కొట్టమన్నవాళ్లు కూడా ఉన్నారు. వీటిలో ఏది పనికొస్తుంది, ఏది బండికి చేటు?

ట్యాపెట్_కవర్

అన్నా, ముందు ఒక లెక్క చూడండి. ఎయిర్ కూల్డ్ ఇంజిన్ హెడ్డు 180 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. బయట 32 ఉంటే తేడా 148, 44 ఉంటే 136. అంటే మే నెల ఎండ వల్ల ఫిన్స్ (ఇంజిన్ చుట్టూ ఉండే పలకలు) వదిలే వేడి తగ్గేది ఎనిమిది శాతమే. అసలు దెబ్బ గాలి ఆగిపోవడం. బండి నిలబడితే ఫిన్స్ మధ్య గాలి కదలదు. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, ఆ సెగంతా పైకి లేచి మీ కాళ్ల మధ్యకే వస్తుంది. హైవే మీద హాయిగా ఉందన్నారు కదా, ఇంజిన్ కూలింగ్‌లో పెద్ద లోపం లేదని దాన్నిబట్టే తెలుస్తోంది.

కానీ మసి, పట్ పట్ అన్నారే, దాన్ని వదలొద్దు. హెడ్డుకీ పైపుకీ మధ్య ఉండే గ్యాస్కెట్ రింగు లీకవుతున్న గుర్తు అది. అక్కడి నుంచి మండిన వాయువు బయటికి తన్ని నేరుగా కాలి వైపు కొడుతుంది. వాయువు బయటికి వచ్చిన దారినే బయటి గాలి కూడా లోపలికి పోతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఆ గాలిని చూసి మిశ్రమం పల్చబడిందనుకుంటుంది, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోల్ పెంచుతుంది, ఆ అదనపు పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లో (పొగను శుభ్రం చేసే భాగంలో) మండి పైపు ఇంకా కాగుతుంది. రింగు ఖరీదు చాలా తక్కువ. ఇంజిన్ పూర్తిగా చల్లారాక పైపు దించి, పాత రింగు అవశేషం పోర్టులో మిగలకుండా గీకి, కొత్తది పెట్టండి. రెండు నట్లనూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకదాన్ని ముందే పూర్తిగా లాగేస్తే ఫ్లాంజ్ వంకర కూర్చుని మళ్లీ లీకే. సైలెన్సర్ వెనక బ్రాకెట్ బోల్టు ఆఖర్న బిగించండి, లేకపోతే పైపు ఒత్తిడిలో ఉండిపోయి రింగు త్వరగా పోతుంది.

ఆయిల్ మాట. 15డబ్ల్యూ50కీ 20డబ్ల్యూ50కీ చివరి అంకె ఒకటే. అంటే వేడెక్కాక రెండూ ఒకే గ్రేడ్ చిక్కదనం. తేడా ఉదయం చల్లగా స్టార్ట్ చేసేటప్పుడే. మార్చినందువల్ల సెగ తగ్గదు. ఇక 10డబ్ల్యూ30 పోయాల్సిన కమ్యూటర్ బళ్లలో 'ఎండాకాలం కదా' అని 20డబ్ల్యూ50 పోయడం తప్పే. ఆ ఇంజిన్ ఆయిల్ దారులు సన్నవి, చిక్కటి ఆయిల్ హెడ్డుకి ఆలస్యంగా చేరుతుంది, ఇంజిన్‌కి బరువూ పెరుగుతుంది. గ్రేడ్ మాన్యువల్‌లో ఉన్నదే, డబ్బా మీద జాసో ఎంఏ2 (ఆయిల్‌లో మునిగే క్లచ్‌కి పనికొస్తుందనే గుర్తు) అని ఉండాలి. కారు ఆయిల్ పోస్తే అందులోని జారుడు పదార్థాల వల్ల క్లచ్ ప్లేట్లు జారతాయి, ఆ రాపిడి వేడి మళ్లీ ఆయిల్‌లోకే.

మట్టం చూడటంలోనూ చాలామంది పొరపడతారు. ఇంజిన్ రెండు మూడు నిమిషాలు తిప్పి, ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, సమతలం మీద బండిని నిటారుగా పెట్టి ఇంజిన్ పక్కనుండే గాజు కిటికీలో చూడాలి. సైడ్ స్టాండ్ మీద చూస్తే తక్కువో ఎక్కువో తప్పుగానే కనిపిస్తుంది. పై గీత దాటి పోస్తే క్రాంక్ చిలికి నురగ చేస్తుంది. నురగ పట్టిన ఆయిల్ వేడిని మోయలేదు.

ఇంకొకటి, ట్యాపెట్లు, అంటే వాల్వుల్ని నొక్కే భాగాలు. శబ్దం రాకూడదని గ్యాప్ బిగించేసే అలవాటు మన షెడ్డుల్లో బాగా ఉంది. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకి ఆనినప్పుడే వదులుతుంది. గ్యాప్ లేకపోతే వాల్వు పూర్తిగా ఆనదు, అంచు కాలిపోతుంది. గ్యాప్ చల్లటి ఇంజిన్ మీదే, కంప్రెషన్ టీడీసీలో (రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పై చివర ఉన్నప్పుడు) పెట్టి, ఫీలర్ గేజ్‌తో చూడాలి. అంకె మీ మాన్యువల్‌ది. ఎగ్జాస్ట్‌కి సాధారణంగా ఇన్‌లెట్ కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. సన్నగా టిక్ టిక్ వినిపిస్తే భయపడక్కర్లేదు, అసలేమీ వినిపించకపోతేనే చూపించండి.

నీళ్లు కొట్టడం మాత్రం వద్దే వద్దు. కాగిన హెడ్డు ఒక పక్క మాత్రమే గబుక్కున చల్లబడితే అల్యూమినియం వంకరపోతుంది, ఫిన్ పగలొచ్చు, పైపు క్రోమ్ పాడవుతుంది. ఫిన్స్ మధ్య బురద పేరుకుంటే చల్లారాక కిరోసిన్, సన్న బ్రష్‌తో కడిగి, ఆనక నీళ్లతో తుడవండి.

పైపుల_పని

వ్రాప్, ఫ్రీ ఫ్లో సంగతి నేను చెప్తాను.

వ్రాప్ వేడిని పోగొట్టదు, చోటు మారుస్తుంది అంతే. బెండ్ పైపు దగ్గర సెగ తగ్గుతుంది, ఆ వేడంతా లోపలే ఉండి క్యాటలిటిక్ కన్వర్టర్‌కీ సైలెన్సర్‌కీ పోతుంది. మీ పిక్కకి ఉపశమనం, వెనక కూర్చున్నావిడ కాలికి ఇంకా ఎక్కువ. పైగా బీఎస్6 బళ్లలో కన్వర్టర్ త్వరగా పనిలోకి రావాలని ఇంజిన్‌కి దగ్గరగా పెడతారు. అది దాదాపు 250–300 డిగ్రీలు దాటితేనే సరిగ్గా పనిచేస్తుంది, పనిచేస్తున్నంతసేపూ తనూ వేడి పుట్టిస్తుంది. దాని మీద వ్రాప్ చుట్టకూడదు.

రెండో చేటు తుప్పు. వ్రాప్ తడిని పట్టి ఉంచుతుంది. జూన్‌లో వానలు మొదలవగానే మైల్డ్ స్టీల్ పైపు లోపల్లోపల తినేస్తుంది, విప్పేదాకా తెలియదు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో మరీ. స్టెయిన్‌లెస్ పైపు అయితేనే ఆలోచించండి. చుట్టాలనే అనుకుంటే ఇలా: 25 మి.మీ. వెడల్పు పట్టీ వంపుల దగ్గర ముడతపడకుండా కూర్చుంటుంది. 38 మి.మీ. లావు, 60 సెం.మీ. పొడవు పైపుకి 6 మి.మీ. ఒకదాని మీద ఒకటి వచ్చేలా చుడితే నాలుగు మీటర్లు పడుతుంది, ఐదు తీసుకోండి. ఫైబర్ గ్లాస్ అయితే ముందు నీళ్లలో నానబెట్టాలి, చేతికి గ్లవ్స్, ముక్కుకి మాస్కు తప్పవు, గాజు పోగు గుచ్చుకుంటే దురద తేలిగ్గా పోదు. సైలెన్సర్ వైపు మొదలుపెట్టి ఇంజిన్ వైపు రావాలి. అప్పుడు ప్రతి చుట్టు అంచూ వెనక్కి తిరిగి ఉంటుంది, ఎదురుగాలీ కంకరా దాన్ని లేపవు. కట్టడానికి స్టెయిన్‌లెస్ టైలు, ప్లాస్టిక్‌వి కాదు. ఆక్సిజన్ సెన్సర్ బాడీనీ వైరునూ వదిలేయాలి. మొదటి అరగంట పొగ వస్తుంది, అది మామూలే.

నా సలహా మాత్రం వ్రాప్ కాదు, షీల్డు. ఆటోనగర్‌లో ఏ షీట్ మెటల్ పనివాళ్లయినా చేసిస్తారు. ఒక మి.మీ. స్టెయిన్‌లెస్ లేదా ఒకటిన్నర మి.మీ. అల్యూమినియం రేకుని పైపు వంపుకి తగ్గట్టు వంచి, రెండు స్టెయిన్‌లెస్ హోస్ క్లిప్పులతో కట్టించండి. రేకుకీ పైపుకీ మధ్య 8 నుంచి 10 మి.మీ. ఖాళీ ఉండి తీరాలి, మొత్తం పని చేసేది ఆ ఖాళీయే. ముందు, వెనక తెరిచి ఉంచితే గాలి మధ్యలోంచి పోతుంది. రేకు నేరుగా పైపుకి తగిలితే షీల్డే ఇంకో సైలెన్సర్ అవుతుంది. క్లిప్పు కాళ్ల కింద వేడి తట్టుకునే ఫైబర్ వాషర్లు వేయించండి, రబ్బరు వద్దు. బ్రేక్ పెడల్ పూర్తిగా కిందికి నొక్కి, ఎక్కడా తగలడం లేదని చూసుకున్నాకే బిగించాలి. రేకు అంచులు బయటికి మడిపించండి, లేదంటే కాలు కోసుకుపోతుంది. వెనక మనిషి కాలి దగ్గర సైలెన్సర్ మీద కూడా ఇలాంటిదే ఒక ముక్క.

ఫ్రీ ఫ్లో గురించి: దానితోపాటు కన్వర్టర్ కూడా తీసేస్తే ఆ ఒక్కచోట సెగ తగ్గిన మాట నిజం. కానీ ఈసీయూ మ్యాప్ మార్చకుండా వేస్తే ఫుల్ యాక్సిలరేటర్‌లో మిశ్రమం పల్చబడి హెడ్డు వేడి పెరుగుతుంది. ఆర్‌సీలో ఉన్న రూపం మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, పొల్యూషన్ పరీక్షలోనూ నిలవకపోవచ్చు. వదిలేయండి.

బెజవాడ_350

చాలా థ్యాంక్స్ ఇద్దరికీ. గ్యాస్కెట్ రింగు ముందు మార్పిస్తాను. ఇంకో సందేహం. లేజర్ థర్మామీటర్ గన్‌తో కొలిస్తే క్రోమ్ పైపు 95 డిగ్రీలే చూపిస్తోంది, పక్కనే నల్ల రంగు హెడ్డు 160 పైన. పైపు ఇంత చల్లగా ఉంటుందా?

ట్యాపెట్_కవర్

ఉండదన్నా, చెయ్యి పెట్టకండి! ఆ గన్ పరారుణ కిరణాలను చూసి లెక్కేస్తుంది. మెరిసే క్రోమ్ వాటిని తక్కువగా వదులుతుంది, చుట్టుపక్కల వాటిని అద్దంలా చూపిస్తుంది. అందుకే అంకె తప్పు. బండి చల్లగా ఉన్నప్పుడు పైపు మీద హై టెంపరేచర్ నల్ల పెయింట్ రూపాయి బిళ్లంత చుక్క పెట్టి, ఆరాక అక్కడే కొలవండి. రింగు మార్చకముందు, మార్చాక, ఒకే చోట, ఒకే దూరం నుంచి, పది నిమిషాల ట్రాఫిక్ తర్వాత కొలిస్తే తేడా తెలుస్తుంది. హెడ్డు నల్లగా ఉంది కాబట్టి అక్కడి అంకెని నమ్మొచ్చు. స్పార్క్ ప్లగ్ హెడ్డులోకి దిగే చోట కొలవండి.

పాత_కార్బ్

ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నా, ఏమనుకోకండి. నాది 2014 మోడల్ 150 సీసీ, కార్బురేటర్ బండి. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వచ్చాక వేడి పెరిగినట్టుంది. పొద్దున్నే చోక్ లేకుండా స్టార్ట్ కావడం లేదు, ప్లగ్ తెల్లగా ఉంది. ఆయిల్ బాగానే ఉంది.

ట్యాపెట్_కవర్

పాత_కార్బ్ గారూ, తెల్ల ప్లగ్, చోక్ అవసరం, వేడి మూడూ కలిసి లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) మిశ్రమాన్నే చూపిస్తున్నాయి. అచ్చమైన పెట్రోల్‌కి సరైన పాళ్లు ఒక భాగానికి 14.7 భాగాల గాలి. ఈ10కి సుమారు 14.1, ఈ20కి 13.5. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంది కాబట్టి తక్కువ గాలి చాలు. ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సర్ చూసి సర్దుకుంటుంది. కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే జెట్ రంధ్రం మారదు కదా, ఈ10తో పోలిస్తే సుమారు నాలుగు శాతం లీన్ అవుతుంది. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు కొంత చల్లబరుస్తుంది కానీ అది దీన్నంతా పూడ్చదు.

అయితే జెట్ ముట్టుకోకముందు కార్బురేటర్‌కీ హెడ్డుకీ మధ్య రబ్బరు చూడండి. పదేళ్లు దాటిన రబ్బరు లోపలి వైపు పగులుతుంది, పైకి కనిపించదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఐడిల్‌లో ఉండగా ఆ రబ్బరు చుట్టూ సన్నగా నీళ్లు స్ప్రే చేయండి. ఐడిల్ మారితే పగులు ఉన్నట్టే. దీనికి కార్బ్ క్లీనర్ వాడొద్దు, అంటుకుంటుంది. రబ్బరు బాగుంటే మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేయించండి. మిశ్రమం స్క్రూ ఐడిల్‌కీ, కాస్త తెరిచినప్పటికీ మాత్రమే పనిచేస్తుంది. అది తిప్పి వదిలేస్తే 50లో పోయేటప్పుడు లీన్ అలాగే ఉంటుంది. ప్లగ్ లేత గోధుమ రంగుకి వస్తే సరి.

కూలెంట్_గ్రీన్

లిక్విడ్ కూల్డ్ బళ్లవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి నాలుగు ముక్కలు. ట్యాపెట్_కవర్ మొదట వేసిన ఎండ లెక్క రేడియేటర్‌కి వేస్తే వేరేగా వస్తుంది. కూలెంట్ 95 డిగ్రీలు, బయట 32 అయితే తేడా 63. 44 అయితే 51. దాదాపు ఐదో వంతు తగ్గిపోయింది. అందుకే వీటికి ఎండ నిజంగానే దెబ్బ.

కూలెంట్ తగ్గిందని బోరు నీళ్లు పోయకండి. సున్నం పేరుకుని సన్న గొట్టాలు మూసుకుపోతాయి. సిద్ధంగా కలిపి అమ్మే కూలెంట్, లేదా గాఢమైనది కొంటే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీశారంటే ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది. ఆ మూత రబ్బరు పోయినా బండి మరుగుతుంది, ఎందుకంటే ఒత్తిడి నిలిస్తేనే మరిగే స్థాయి పెరుగుతుంది. రేడియేటర్ మధ్య పురుగులూ దుమ్మూ చేరితే వెనక నుంచి ముందుకి పైపు నీళ్లతో మెల్లగా కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే పల్చటి ఫిన్స్ వంగి గాలి దారి మూసుకుంటుంది. ఫ్యాన్ తిరుగుతూ కాలికి వేడి గాలి కొడితే అది చెడిపోయినట్టు కాదు. ఫ్యాన్ తిరగకుండా మీటరులో వేడి గీత పైకి పోతే ఫ్యూజు, రిలే చూడండి.

పైపుల_పని

నడిపే పద్ధతి గురించి ఎవరూ రాయలేదు. ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద పాకించడమే పెద్ద తప్పు. మన బళ్లలో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, జారే ప్లేట్ల వేడి నేరుగా ఆయిల్‌కి. ముందు కాస్త ఖాళీ రానిచ్చి, మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలి కదలండి. సిగ్నల్ అరనిమిషం పైన ఉంటే ఆపేయండి. ఆపగానే హెడ్డు వేడి కాసేపు కొంచెం పైకి పోయినట్టు అనిపిస్తుంది, పుట్టే వేడి ఆగిపోయింది కాబట్టి ఆందోళన అక్కర్లేదు. మెయిన్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పి చూడండి. వెంటనే ఆగిపోతే బ్రేకు పట్టేస్తోందో, చైన్ బిగువో. ఆ రెండింటినీ లాగడానికి ఇంజిన్ అదనంగా మండాలి.

బట్టల మాట. నైలాన్ ట్రాక్ ప్యాంటు సైలెన్సర్‌కి తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. మందపాటి కాటన్ ప్యాంటు, చీలమండ దాటే తోలు బూటు వేసుకోండి. కాలు కాలితే కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టాలి, టూత్‌పేస్టూ ఐసూ వద్దు.

కోతల సమయంలో పల్లెల వైపు వెళ్లేవాళ్లకి: రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పక్కన గడ్డి పరిచి ఉంటుంది. దాని మీంచి పోతే పరకలు కన్వర్టర్‌కీ కింది రేకుకీ మధ్య ఇరుక్కుంటాయి. ఆపి, పుల్లతో లాగేశాకే ముందుకి కదలండి. ఎండు గడ్డి మీద బండి పార్క్ చేయొద్దు, బండి ఆపాక కూడా కన్వర్టర్ చాలాసేపు నిప్పు అంటించేంత వేడిగానే ఉంటుంది.